రోగి యింటి సంగతి



రోగి వైద్యుని యెదుట కూర్చున్నప్పుడు వైద్యుడు అడుగు ప్రశ్నలు మనకందరకును తెలిసినవే. జ్వరము ఎన్నినాళ్లనుండి వచ్చుచున్నది, దగ్గుతో నెత్తురు పడుచున్నదా, ఆకలి యెట్లున్నది, నిద్ర పట్టుచున్నదా, ఇట్టివి. ఇవిగాక మరికొన్ని ప్రశ్నలు గలవు. నిన్నటిరాత్రి మీ యింట ఏమి వండిరి? ఇచ్చటికి వచ్చుటకు కిరాయి యెట్లు సమకూడినది? పనికి పోనినాటి కూలి పోయినట్లేనా? వేళకు మందు చేతికిచ్చువారెవరైన ఇంట నున్నారా? వానకు కురియని చోటు పండుకొనుటకు గలదా? ఈ రెండవతరగతి ప్రశ్నలనుగూడ వైద్యశాలలో ఏ రోగిని విడువక అడిగి, రోగలక్షణములతోపాటు వానిని వ్రాసికొని, తీర్పగలిగిన లోటును తీర్పవలెనను పద్ధతి లోకమున పలుచోట్ల వ్యాపించుచున్నది. దీనిని అవసరముల విచారణ యని చెప్పుకొందము. దీనినిగూర్చి నేడు కొన్ని మాటలు మనవిచేసెదను.

నేను వైద్యుడను గాను. బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను దరఖాస్తులు నింపించుకొనుటకును, ఉత్తరములు వ్రాయించుకొనుటకును మా మర్పల్లిలో నా యరుగుమీదికి వచ్చువారు చెప్పు సంగతులలో సగము దవాఖానా సంగతులే. దవాఖానాలో చెప్పని మాట నా యరుగుమీద ఏల చెప్పుదురని చాలకాలము ఆలోచించితిని. అచ్చట ఎవరును అడుగలేదు గనుక అనియే నాకు తోచినది.

ఇది పాశ్చాత్యులు క్రొత్తగా కనిపెట్టినదని తలచువారు చరకసంహితలోని విమానస్థానమును చూడవలెను. రోగిని పరీక్షించు వైద్యుడు, ఈతడు ఏ భూమిలో పుట్టెను, ఎచ్చట పెరిగెను, ఎచ్చట రోగము తగిలెను, ఆ భూమియందలి జనులు తినునదేమి, వారి నడవడి యెట్టిది, వారి బలమెంతటిది యని విచారింపవలెనని అందు స్పష్టముగా చెప్పబడినది. చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యని నాలుగు పాదములు. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. రోగి గుణములలో చరకుడు జ్ఞాపకము, చెప్పినట్లు నడచుకొనుట, వెరపులేమి, బాధను తెలియజెప్పుట అనువానిని చేర్చెను. వాగ్భటుని అష్టాంగహృదయమునందు మాత్రము రోగి గుణములలో మొట్టమొదటిమాట ‘ఆఢ్యుడు’ అని యున్నది. అనగా ధనము గలవాడు. సుశ్రుతుడును ద్రవ్యము గలవాడనియే చెప్పెను.

ఈ మాట చదివి, బీదవానికి వైద్యము లేదనిరి గదా యని నొచ్చుకొనువారున్నారు. నా యభిప్రాయము వేరు. ఆ పెద్దలు ఉన్నమాట చెప్పిరి. పథ్యమునకు పాలు త్రాగుమని చెప్పిన వెంటనే, ఆ పాలకు వెల ఎవరిత్తురను ప్రశ్న పుట్టుచున్నది. చరకుడే సూత్రస్థానమున పదునైదవ యధ్యాయములో, సంపన్నులకు చికిత్స చేయునపుడు సమకూర్పవలసిన సంభారములన్నియు వివరించి, పిమ్మట అందరు మనుష్యులకును అన్ని పరికరములు ఉండవనియు, దారుణరోగములు దరిద్రులను విడిచి పోవనియు, వారు తమకు దొరికినంతలోనే చికిత్స చేసికొనవలెననియు చెప్పెను. ఇంత దయగలమాట వైద్యగ్రంథములలో అరుదు. లేనివానికి దొరకునదేదో తెలియవలెనన్న, అతనిని అడుగక మరి మార్గమేమి?

ఇక మన ప్రాంతమునకు వత్తము. వికారాబాదు చేరువనున్న అనంతగిరి కొండమీద నిజాముకాలమున క్షయరోగులకు వైద్యశాల వెలసెను. మదనపల్లె యొద్ద ఆరోగ్యవరమున 1915లో తెరవబడిన క్షయచికిత్సాలయమును పెద్దలు వినియే యుందురు. ఆ కాలమున క్షయకు మందు లేదు. కొండగాలి, విశ్రాంతి, పాలు, గ్రుడ్లు, మాంసము, ఇవియే చికిత్స. అనగా రోగి యింటిలో లేనిదానిని రోగికి చూపుటయే చికిత్సగా నుండెను. అచ్చట పడక దొరికినవారు కొందరే, దొరకనివారు అసంఖ్యాకులు.

1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడెను. 1952 నాటికి ఐసోనయాజిడు అను చవుకయైన మాత్రయు వచ్చెను. అప్పుడు, మందు దొరికినది గదా, ఇంకను రోగిని కొండమీద పెట్టవలెనా, ఇంటనే యుంచి మందిచ్చిన చాలునా యను సందేహము కలిగెను. దానిని తేల్చుటకు 1956లో మదరాసునగరమున ఒక గొప్ప పరిశోధన ప్రారంభింపబడెను. నగరములోని బీదరోగులను రెండు పాళ్లుగా విభజించిరి. సగముమందిని చికిత్సాలయమున మంచి తిండితో, విశ్రాంతితో ఏడాదిపాటు ఉంచిరి. తక్కిన సగమును వారి యిరుకు ఇండ్లయందే యుంచి మందిచ్చిరి. 1959లో ఫలితములు వెలువడెను. ఇంటనున్నవారు తక్కువతిండి తిని, ఎక్కువపని చేసియు, చికిత్సాలయమునందున్నవారితో దాదాపు సమానముగా స్వస్థులైరి. లోకమంతటను క్షయచికిత్స మారుటకు ఇది కారణమాయెను. లక్షలమంది ఇంటనుండియే బ్రతికిరి. తెలుగువారికి పొరుగుననే జరిగిన ఈ పనిని మనము గర్వముతో చెప్పుకొనవచ్చును.

అయితే ఈ పరిశోధననుండి ఒక పాఠము సరిగా, మరొక పాఠము పొరపాటుగా నేర్చుకొనబడినది. మందుచేత రోగము కుదురునన్నది సరియైన పాఠము. తిండితో నిమిత్తము లేదన్నది పొరపాటు పాఠము. మదరాసులో రోగిని ఇంటికి పంపి వదలివేయలేదు. విచారించువారు ఇండ్లకు పోయి, మాత్రలు లెక్కపెట్టి, మందు తప్పినవానిని వెదకి పట్టుకొనిరి. ఆ విచారణలేక మందుపొట్లము మాత్రమే యిచ్చి పంపిన నేమగునో నేను మా యూరిలోనే చూచితిని.

నలుబది యేండ్ల మనిషి యొకడు, మా చుట్టుపట్ల పల్లెవాడు, తాండూరులో బండలు కోసి నునుపుచేయు కారఖానాలో కూలి. మూడేండ్ల క్రిందట అతనికి క్షయయని తేలినది. మందు ఉచితముగా ఇచ్చిరి. రెండునెలలు మింగి మానివేసెను. మరల పోయినప్పుడు అచ్చటి వైద్యుడు కోపించి, మందు మానిన మొండివాడని చీటిమీద వ్రాసి పంపెను. ఆ వైద్యునిమీద నాకు నింద లేదు. బయట ఎనుబదిమంది వరుసలో నిలిచియుండిరి.

కొన్నిదినములకు నర్సమ్మ యొకతె వాని యింటికి వచ్చినది. చుట్టు చేరినవారిని దూరముగా పంపి, తలుపుచాటున వానిని, వాని భార్యను కూర్చుండబెట్టి అడిగినది. అప్పుడు గాని నిజము బయటపడలేదు. ఆ మాటలు నాకు అతడే తరువాత చెప్పెను. “సారూ, పొద్దుగాల అయిదింటికే బస్సెక్కాలె. అప్పటికి ఇంట్ల పొయ్యి రాజెయ్యరు. ఉత్త కడుపుల గోలీలు ఏస్తే తిప్పుతది, కక్కుడైతది. కక్కితే పనికి పోలేను. మందు తెచ్చుకునేటి దినము కైకిలి పాయె. రెండు నెలలల్ల నాలుగు దినాలు నాగ పెడితే మేస్త్రి వద్దన్నడు.” ఇంతేగాక నెలనెలకు రావలసిన 500 రూపాయల పోషణసొమ్ము వానికి ఒక్కసారియైన రాలేదు. బ్యాంకుఖాతా చాలకాలము వాడకపోవుటచే మూతబడియుండెను. బిడ్డకు సంబంధము చూచుచుండిరి గనుక రోగము మాట బయటికి పొక్కునేమోయని భార్య మందుపొట్లమును బియ్యపుకుండలో దాచుచుండెను.

చూడుడు, ఇందు మొండితన మెచ్చట నున్నది? నాలుగు ముళ్లు. ఒక్కటియైనను ఊపిరితిత్తుల చిత్రములో కనబడునది గాదు. నర్సమ్మ వైద్యునితో మాటలాడి మందు మింగు వేళను రాత్రికి మార్పించినది. మందు తెచ్చి చేతికిచ్చు పని ఊరి ఆశా కార్యకర్తకు అప్పగించినది. బ్యాంకు దరఖాస్తు నేను వ్రాసితిని; సొమ్ము మూడుమాసముల తరువాత కూడి వచ్చినది. రోగము మాట ఆ నలుగురిని దాటి పోలేదు, పెండ్లియు జరిగినది. అతడు మందును మరల మొదటినుండి మింగి పూర్తిచేసెను. ఇప్పుడు రాతిదుమ్ములోనికి పోడు. మర్పల్లి అంగడిలో గింజలు తూచుచున్నాడు.

తిండిమాట మిగిలినది. దానికి జవాబు జార్ఖండునుండి వచ్చినది. అచ్చట 2019 మొదలు 2022 వరకు అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ అను వైద్యులును వారి సహచరులును నాలుగు జిల్లాలలో 2,800 మంది క్షయరోగులతో ఒక పరీక్ష చేసిరి. రోగులకందరకును మందుతోపాటు ఆరునెలలు తిండిసామాను ఇచ్చిరి. కొన్నిచోట్ల ఆ యింటి తక్కినవారికిగూడ తలకు నెలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర కందిపప్పు ఇచ్చిరి. కొన్నిచోట్ల ఇంటివారికి ఇయ్యలేదు. ఇచ్చిన యిండ్లలో క్రొత్తగా క్షయ తగులుట, ఇయ్యని యిండ్లకన్న నూటికి 39 పాళ్లు తగ్గెను. కఫపరీక్షలో సూక్ష్మజీవి కనబడు రకపు క్షయ 48 పాళ్లు తగ్గెను. రోగులలో మొదటి రెండునెలలలో బరువు నూటికి అయిదుపాళ్లు పెరిగినవారికి మరణభయము మూడింట రెండువంతులకు దాపుగా తక్కువయ్యెను. 2023లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి.

ఆ కందిపప్పు మాట చదివినప్పుడు నాకు మా పొలములు కనబడెను. తాండూరు కందులకు 2022లో భౌగోళికగుర్తింపు లభించినది. దేశమంతట పేరుపొందిన కందులు పండించు జిల్లాలో, ఇంటికి తెచ్చుకొను పప్పు చాలక, కారమును జొన్నరొట్టెయును తిని దగ్గుచున్నవారుండుట విచిత్రము గదా. చౌకధరల దుకాణమున 2025 ఉగాదినుండి తలకు 6 కిలోల సన్నబియ్యము ఇచ్చుచున్నారు. బియ్యమునకు లోటు తీరినది. పప్పు, పాలు, గ్రుడ్డు ఇంకను ఇంటివారి గుంజాటనే.

ఇక విచారణయొక్క చరిత్ర కొంత చెప్పెదను. లండనులో రాయల్ ఫ్రీ ఆసుపత్రియందు 1895లో మేరీ స్టూవర్టు అను నామెను నియమించిరి. రోగి యింటిసంగతి అడుగుట ఆమె పని. అయితే ఏల అడుగుమనిరి? డబ్బు గలవారు ఉచితవైద్యము దొంగిలించుచున్నారేమో కనిపెట్టుటకు. అడుగగా అడుగగా ఆమెకు దొంగలకన్న దిక్కులేనివారు ఎక్కువగా కనబడిరి. క్రమముగా ఆ యుద్యోగమే సహాయపు ఉద్యోగముగా మారెను. అమెరికాలో బోస్టనునగరమున 1905లో రిచర్డు కాబటు అను వైద్యుడు, తాను వ్రాసియిచ్చు చీటి రోగి యింటిలో అమలుకాకుండుట చూచి విసిగి, గార్నెట్ పెల్టన్ అను నర్సును ఆసుపత్రిలో ఇందుకై నియమించెను. క్షయరోగుల యిండ్ల విచారణయే ఆమె పనిలో ముఖ్యమైన భాగము. మనదేశమున బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 1946లో ఇట్టి యుద్యోగిని నియమించిరి. ఆ సంవత్సరమే వెలువడిన భోరుసంఘము నివేదికయు ఆసుపత్రులలో ఇట్టివారు ఉండవలెనని చెప్పెను. నేడు పెద్దనగరముల ఆసుపత్రులలో ఈ యుద్యోగము కొంత కనబడును. మండలపు వైద్యశాలవరకు దిగిరాలేదు.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున 1960ల నాటి ఒక కథ చెప్పక విడువలేను. జాక్ గైగరు అను వైద్యుడు అచ్చటి బీద నల్లజాతివారిలో వైద్యశాల నడపుచుండెను. వచ్చిన పిల్లలు ఆకలిచేత రోగులైరి. ఆయన మందుచీటిమీద తిండిసామానులు వ్రాసి, అంగడివారిచే ఇప్పించి, ఖర్చును ఔషధపుపద్దులో వ్రాసెను. పైయధికారులు ఆక్షేపింపగా, కృశించినవానికి తిండియే మందని వైద్యగ్రంథములందే యున్నదని బదులు చెప్పెనట. వారు మారుమాటాడలేదు.

అదే దేశమున ఇటీవల ఈ విచారణను చట్టబద్ధముగా చేసిరి. తిండి, ఇల్లు, ప్రయాణము, ఇంటి నీరు దీపముల ఖర్చు, ఇంటిలో దెబ్బల భయము, ఈ అయిదింటిని ఆసుపత్రిలో చేరిన పెద్దవారినందరిని అడిగి లెక్క పంపవలెనని 2024నుండి ప్రభుత్వము విధించెను. 2025లో ఆ విధిని మరల తొలగించెను. అంతకుముందు 2017నుండి కొన్నియేండ్లు జరిగిన పెద్దప్రయత్నములో, అడిగి, దారిచూపువారిని తోడిచ్చినను, రోగి యవసరములు తీరుట అనుకొన్నంత హెచ్చలేదని పరీక్షకులు తేల్చిరి. దారిచూపగలరు గాని, దారి చివర ఇల్లును, గింజలును ఉండవలెను గదా. నన్నడిగినచో, తీర్పలేని లోటునుగూర్చి పదేపదే ప్రశ్నించుట పుండును గెలికి చూచి పోవుటవంటిది. మొదట ఊరిలో, మండలములో ఏమేమి దొరకునో పట్టిక సిద్ధము చేసికొని, పిమ్మటనే ప్రశ్నలకు పూనుకొనవలెను.

ఆ పట్టిక మన ప్రాంతమున శూన్యము గాదు. క్షయరోగికి 2018 ఏప్రిలునుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరునుండి 1,000 రూపాయలు బ్యాంకుఖాతాలో పడుచున్నవి. గర్భిణులకు 2015నుండి అంగన్వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనము, పాలు, గ్రుడ్డు ఏర్పడినవి. రక్తహీనత ఎక్కువగా నున్న తొమ్మిదిజిల్లాలను ఎంచి 2022 డిసెంబరులో పోషకాహారపు పెట్టెలు పంచుట మొదలిడినపుడు వికారాబాదు అందులో నొకటి. ఈ యెన్నిక మనకు గౌరవము గాదు. స్త్రీలకు 2023 డిసెంబరు 9నుండి ఆర్టీసీ బస్సులో కిరాయి లేదు. ప్రాణాపాయమున 108 బండి 2005నుండి యున్నది. పెద్దశస్త్రచికిత్సలకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీయు, ఆసుపత్రిలో దారిచూపు ఆరోగ్యమిత్రయు గలరు. ఇన్ని యున్నను అందవలసినవానికి అందకపోవుటకు కారణము పెక్కుమార్లు చిన్నది. ఆధారుకార్డులో పేరు ఒకతీరు, బ్యాంకులో మరొకతీరు. కిరాయి కోడలికి లేదు. కాని తోడువచ్చు మామకు కలదు. పెట్టె గర్భిణికే యిచ్చిరి. దానిలోని నెయ్యి, ఖర్జూరము ఇంటివారందరును పంచుకొనిరి. అందరికి వడ్డించి చివర తిను ఆడుబిడ్డకు ఏమి మిగిలినదో అత్తగారి యెదుట అడిగిన నిజము రాదు.

అడుగుట యెట్లన్నది ఇందు ముఖ్యము. “తిన్నవా?” యన్నది మన యూళ్లలో కుశలప్రశ్న. రెండుపూటలు పస్తున్నవాడును “తిన్న” అనియే చెప్పును. చెప్పకపోయిన మర్యాద పోవును. కాబట్టి ఆ ప్రశ్న అడిగి, తిన్నాడని కాగితముమీద వ్రాసికొనిన ప్రయోజనము లేదు. “నిన్న రాత్రి పొయ్యిమీద ఏమి పెట్టినారమ్మా?” అని యడిగిన, “రాత్రి పెట్టలె, మాపటి రొట్టె ఉండె” అని ఒకతె చెప్పును. అమెరికా వైద్యులు పండ్రెండునెలలలో ఎన్నడైన, గింజలు నిండుకొనునేమో, మరల కొనుటకు డబ్బు చేతికి రాదేమోయని దిగులు పడితిరా యని యడుగుదురు. దిగులునుగూర్చి అడుగుట మంచి యుపాయము. ఆకలిని ఒప్పుకొనలేనివాడు దిగులును ఒప్పుకొనగలడు. మన రైతునకు ఆ దిగులు కొత్తగాదు. విత్తనములు వేసినది మొదలు కళ్లమువరకు దానితోనే కాపురము.

పదిమందిలో అడుగరాదు. కులము, అప్పు, కల్లు, కాపురము, వీనినిగూర్చిన మాట చెవినబడినవారు నోరు మూసికొనవలెను. వ్రాసిన కాగితము అరుగుమీద పడవేయరాదు. అన్నిప్రశ్నలను ఒకేదినమున సోదెవలె అడుగనక్కరలేదు. తమిళనాడులో 2022నుండి ప్రతి క్షయరోగిని, రోగము తేలిననాడే, బరువు తూచి, కాళ్లు వాచినవా, ఆయాసమున్నదా, ఆసరాలేక నిలువగలడా యని చూచి, మిక్కిలి కృశించినవానిని ఆలస్యము చేయక ఆసుపత్రిలో చేర్చుచున్నారు. నాలుగు నిముషముల పని. త్రాసు చాలును. నిలువలేనివానిని మొదట నిలువబెట్టి, తక్కిన విచారణ పిమ్మట సావకాశముగా చేయవచ్చును.

వైద్యునికి ఇంత తీరిక లేదనెదరు. నిజమే. ఒక వైద్యుడు పూటలో చూడవలసినవారు వందకు దగ్గర. ఈ విచారణ అతడు చేయనక్కరలేదు. నర్సమ్మయో, ఆశాకార్యకర్తయో చేసి, అతని బల్లమీది చీటిపై రెండుపంక్తులు వ్రాసిన చాలును. ఆశాకార్యకర్తకు మనము ఇచ్చు గౌరవము మాత్రము ఆ పనికి తగినట్లు లేదని నా ఫిర్యాదు. ఊరిలో ఎవరి యింట నేమి లేదో ఆమెకు తెలిసినంత సర్పంచునకు తెలియదు. ఆమెను పంచాయతికి పిలిచి, పేర్లు చెప్పించక, ఊరిలో ఎన్ని యిండ్లకు పప్పు లేదు, ఎందరికి బ్యాంకుఖాతా మూతబడినది, ఎందరు ముసలివారికి దవాఖానాకు తోడు లేదు అని మాత్రము అడుగుడు. ఆ లెక్క పెద్దల పని.

2022 సెప్టెంబరు 9న రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు నిక్షయ మిత్ర అను ఏర్పాటును ప్రారంభించిరి. అందుచొప్పున ఏ గృహస్థుడైనను, సంఘమైనను, క్షయరోగికి కనీసము ఆరునెలలు తిండిసామాను ఇచ్చుటకు పేరు వ్రాయించుకొనవచ్చును. రోగి సమ్మతిలేక అతని పేరు దాతకు చెప్పరు. పేరు వ్రాయించుటకు మండలపు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో అడిగిన చాలును. రోగి పేరు తెలియకుండ ఇచ్చుట కొందరికి రుచింపకపోవచ్చును. దానము నలుగురికి తెలియవలెనని కోరువారు గుడికి ఇయ్యవచ్చును.

మా ప్రాంతమున కందులు పుష్యమాఘములలో కళ్లమునకు వచ్చును. కొట్టిన కందులను అంగడికి తోలుటకు ముందే, ఊరికి ఒక సంచి వేరుగా తీసి, పప్పు పట్టించి, ఆశాకార్యకర్త చేతికి అప్పగించినచో ఆమె ఎవరి యింటికి చేర్చవలెనో ఆమెకు తెలియును. కిలోన్నర చొప్పున నలుగురున్న యింటికి నెలకు ఆరుకిలోలు, ఆరునెలలకు ముప్పదియారు కిలోలు. రాబోవు కళ్లమునాటికి మర్పల్లిలో ఇట్టి సంచి యొకటి కట్టవలెనని మేము అయిదారుగురము అనుకొనియున్నాము. త్రాసు నాయింట నున్నది.